డబ్బాల ఫ్యాక్టరీలో జానీబీ

నల్లపాడు దాటాక రోడ్డు పక్కనున్న ఆ పాత రేకుల షెడ్డును ఇప్పటికీ డబ్బాల ఫ్యాక్టరీ అనే అంటారు. అక్కడ పండ్ల ముక్కలు డబ్బాల్లో నింపడం ఎప్పుడు మానేశారో ఊళ్ళో సగం మందికి తెలియదు. జానీబీకి తెలుసు. కొత్త కోడలిగా వచ్చిన వేసవిలోనే అత్త ఆమెకు కత్తిపీట ఇచ్చి అక్కడ కూర్చోబెట్టింది. మామిడి సొన తగిలి వేళ్ళు పొక్కేవి. అయినా ఒక్క ముక్క నోట్లో వేసుకుంటే మేస్త్రి ఊరుకునేవాడు కాదు.

కంపెనీ మూతపడిన రోజు ఆడవాళ్ళంతా ఏడ్చారు. జానీబీ మాత్రం ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయింది. ఆ సుఖం ఎన్నాళ్ళు? షెడ్డు పత్తి గోదాము అయింది, పాత కూలీలకు కబురొచ్చింది. పత్తి దుమ్ముకి దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత మిర్చి వచ్చింది. తొడిమలు తీసిన చేతులతో మనవడిని ఎత్తుకుంటే వాడు మంటకి గుక్కపట్టి ఏడ్చేవాడు. యజమానులు మారారు, సరుకు మారింది, ఈవిడ మాత్రం షెడ్డు దూలంలా అక్కడే ఉండిపోయింది. దూలానికి నడుంనొప్పి రాదు, అంతే తేడా.

మొన్న మిర్చి వ్యాపారి ఖాళీ చేసి వెళ్ళాడు. ఇక తనని ఎవరూ పిలవరని జానీబీ ప్రాణం కుదుటపడింది. అంతలోనే షెడ్డు కొన్న నాగేంద్రబాబు ఇంటికే వచ్చాడు. దాన్ని ఫంక్షన్ హాలు చేస్తున్నాడట.

"పెద్దమ్మా, ఊడ్పించటం, కడిగించటం అంతా మీరే చూసుకోవాల. ఆ బిల్డింగు సంగతి మీకంటే ఎవరికి తెలుసండీ?"

"నేను రాలేను బాబూ. ఒంట్లో ఓపిక లేదు," అంది జానీబీ. పనికి రానని ఆమె అనడం జన్మలో అదే మొదటిసారి.

నాగేంద్రబాబు నవ్వాడు. మిర్చి యార్డు బేరాల్లో పెరిగినవాడు. ఎవరైనా వద్దంటే ఇంకాస్త పెంచమనే అతనికి అర్థం. "సరే, జీతం పెంచుతాలెండి."

"డబ్బు గురించి కాదయ్యా. నిజంగానే రాను."

"అబ్బో, గట్టివారే! రెండు పూటలా భోజనం కూడా మాదే. ఇంక మాట్లాడమాకండి."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. తాను ఆడుతున్నానన్న సంగతి కూడా ఈ పిల్లికి తెలియదు.

వీడైనా అర్థం చేసుకుంటాడేమోనని జానీబీ కొడుకు ఖాసిం వైపు చూసింది. పొద్దంతా ఆటో నడిపి వాడిపోయిన వాడి ముఖం వెలిగిపోతోంది. "మా అమ్మ బేరం చూశావా!" అని పెళ్ళాం చెవిలో చెబుతున్నాడు. తనని చూసి కొడుకు అంత గర్వపడటం ఆమె ఏనాడూ ఎరగదు. మూడోసారి వద్దనడానికి నోరు రాలేదు.

"ఎప్పట్నించి రమ్మంటావు బాబూ?" అంది.