అమ్మమ్మ ముంతలో ప్రభువు బియ్యం

చాలా ఏళ్లకు మొన్న బరంపురం వెళ్లి, ఆ ఊళ్లోనే అంకులిలో మేనకోడలి ఇంట దిగాను. పొద్దున్న అది బియ్యం కొలిచి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న స్టీలు డబ్బాలో వేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి అటు పోయింది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మా అమ్మమ్మది పొడంపేట, సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. బడి దూరమని నాకు అక్షరాలు ఆమే నేర్పింది, బైబిలు మీద వేలు పెట్టించి. అందుకేనేమో, ఈనాటికీ ఏం చదివినా ప్రార్థన చేసినట్టు నా పెదవులు కదులుతాయి. ఆమె పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది. ఎసట్లో పోసే బియ్యంలోంచి పూటకో పిడికెడు అందులో వేసి, ఆదివారం చర్చి గంపలో ఒంపేది. అవి లేనివాళ్ల ఇళ్లకు వెళ్లేవి. "మీ పెబువుకి మనింట్లో రెండు పూట్లా బోజనవే, నాకే గెంజి" అని తాతయ్య వేళాకోళం.

ఒక ఏడు తుఫానుకు పడవలు కదల్లేదు. ఇంట్లో బియ్యం అయిపోయాయి. ముంతలో మాత్రం ఉన్నాయి. నేను ఏడుపు కూడా మానేసి ఆ ముంతనే చూస్తున్నాను.

"ఒండీయే. పిల్ల సోలిపోతంది. పెబువు కాదంటాడేటి?" అన్నాడు తాతయ్య.

"ఇచ్చీసింది మళ్లీ మనదెలాగవుద్ది?" అంది గాని, అమ్మమ్మ చెయ్యి ముంత మీదే ఉండిపోయింది.

అంతలో పక్కింటావిడ, గంగమ్మకు మొక్కే మనిషి, పసివాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. "పొయ్యి ఎలగలేదు పిన్నీ. గుంటడికి పాలు పడ్డం లేదు."

అమ్మమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. ముంతెడూ ఆమె కొంగులో ఒంపేసింది. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. కాసేపటికి ఆవిడే గిన్నెడు వేడి గంజి తెచ్చి నా ముందు పెట్టింది. ప్రభువు బియ్యం వండనన్న అమ్మమ్మ, పక్కింటి గంజిని మాత్రం కాదనలేదు. కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పి, ఊది ఊది తాగించింది.

ఆ ఆదివారం ఖాళీ ముంతతోనే చర్చికి వెళ్లింది. పాస్టరు గారు ఏమిటన్నట్టు చూస్తే, "పెబువే తొందరపడి మా పక్కింటికే వొచ్చి అట్టుకెల్లిపోనాడయ్యగారూ" అంది. చర్చంతా నవ్వింది. తరువాత ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని, నా విశ్వాసం ఇప్పటికీ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

"ఏటత్తా, కాఫీ సల్లారిపోతంది" అంది మేనకోడలు.

మర్నాడు పిడికెడు నేనే తీశాను. ముడతలు పడి, నరాలు తేలి, అచ్చం అమ్మమ్మ చెయ్యే. ఈ చెయ్యి ఆ కొలతకు రావడానికి ఇన్నేళ్లు పట్టింది.