తలుపు మీద బొగ్గు గీతలు

మా అత్తగారికి అక్షరం ముక్క రాదు. కానీ ఇంట్లో ఏ ఆడది బయట చేరినా, పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి వంటింటి తలుపు మీద నెలకో గీత గీసేది. పై వరస ఆడపడుచుది, కింది వరస నాది. ఎవరికి నెల తప్పింది, కాన్పు ఎప్పుడొస్తుంది, అన్నీ ఆ తలుపే చెప్పేది. మాది మారిషస్‌లో కాత్ర్ బోర్న్. చుట్టుపక్కల ఆడవాళ్లు నిప్పు అడిగే వంకతో వచ్చి ఆ తలుపు చదువుకుని పోయేవారు. కొత్త కోడల్ని కదా, దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

పెళ్లయిన ఏడాదే ఆషాఢం వచ్చి పడింది. పంచాంగం ఉన్నది గుడి పంతులుగారొక్కరి దగ్గరే. ఆయన భజన అయ్యాక ఆ మాట చెప్పగానే అత్తగారు నా చీరలు మూట కట్టేసింది. కొత్త దంపతులు ఆ నెల కలిసి ఉండకూడదు. అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. ఆషాఢంలో కడుపు నిలిస్తే నడి ఎండల్లో కాన్పు వస్తుందని పెద్దవాళ్ల భయం. ఇండియా నుంచి ఓడెక్కి వచ్చేటప్పుడు వాళ్లు ఆషాఢాన్ని మూటగట్టుకొచ్చారు గానీ ఆ ఎండల్ని అక్కడే వదిలేశారు. మారిషస్‌లో చైత్రమంటే తుఫానులు వెళ్లిపోయి హాయిగా చల్లబడే కాలం. ఆ మాట అత్తగారితో అనగల మొనగాడెవరు? నన్ను రైలెక్కించి పిటాన్‌లో మా అమ్మ దగ్గరికి పంపేశారు.

వెళ్లిన మూడో రోజే బయట చేరాను. అది గడిచి వారం తిరిగాక, ఒక పొద్దున ఆవుకు గడ్డి కోయడానికి చెరుకు తోట గట్టుకు వెళ్లానా, అక్కడ మా ఆయన! చేతిలో బుట్ట, ముఖాన వెర్రి నవ్వు.

"ఇదేటి మామా, మీ అమ్మకి తెలిస్తే?"

"పచ్చడికి జాంపళ్లు కోసుకు రమ్మని అడివికి పంపింది. దారి తప్పి రైలెక్కేసినాను."

బుట్ట నిండా చిన్న ఎర్ర జాంపళ్లు. మా అత్తవారి ఎత్తు ప్రాంతపు అడవుల్లో కాసేవి. పిటాన్ వైపు ఆ చెట్టే కనబడదు. సగం నా గడ్డిమోపులో పోసి, ఈ సంగతి ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఇంతకు మించి రాయను, మనవరాళ్లు చదువుతారు.

శ్రావణం రాగానే వెనక్కి వచ్చాను. తలుపు మీద నా వరసలో గీత పడలేదు. భాద్రపదంలోనూ పడలేదు. అన్నం ఉడుకుతుంటే చాలు, పెరట్లోకి పరుగు. అత్తగారి ముఖం వెలిగిపోయింది. పుట్టింటికి వెళ్లకముందు జ్యేష్ఠంలో పడ్డ చివరి గీత దగ్గర వేలు పెట్టి లెక్కేసి, "ఫాల్గుణంలో కాన్పు. మీ అమ్మ చలిమిడి తెచ్చినాక ఊరికి సెబుదాం" అంది. ఆ లెక్క తప్పని నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. మీరైతే తెరిచేవారా?

తెరిచింది మా అమ్మ. అబద్ధమాడితే కళ్లు పోతాయనుకునే మనిషి. చలిమిడి గిన్నె ఇంకా కింద పెట్టనేలేదు, ఫాల్గుణం అన్న మాట వినగానే అందుకుంది.

"ఫాల్గుణమేటి వదినా? మా ఇంటికొచ్చిన మూడో రోజే బయట సేరింది కదా! మూడు రోజులూ నానే కూడెట్టినాను. సైత్రమొస్తాది."

మడిచిన అత్తగారి వేళ్లు మడిచినట్టే ఆగిపోయాయి.

"అంటే ఆషాఢంలో. మీ ఇంట్లో ఉన్నప్పుడు."

అప్పుడు గాని అమ్మకు తట్టలేదు. చెంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరూ నా వైపు తిరిగారు. నా కాపురం, నా బిడ్డకు తండ్రెవరన్నది, అన్నీ ఆ చూపులో తేలిపోతున్నాయి. మా ఆయన గుమ్మం బయటే కూర్చుని ఎద్దుకు తాడు పేనుతున్నాడు. అన్నీ వినబడుతున్నాయి. ఒక్క మాట చాలు. ఆ మహానుభావుడు తల ఎత్తడే! ఒట్టేయించుకున్నదీ తనే, మూగనోము పట్టిందీ తనే. నాకు ఏడుపు రాలేదు, అరికాలి మంట నెత్తికెక్కింది. ఒట్టు తీసి గట్టున పెడదామని నోరు తెరిచాను. ఈలోగా అమ్మే అందుకుంది.

"ఒలే, ఓ రోజు గడ్డిమోపులో ఎర్ర జాంపళ్లు తెచ్చినావు. పక్కింటామె ఇచ్చిందన్నావు. ఎవులిచ్చినారే అయి?"

"జాంపళ్లా? పిటాన్‌లోనా?" అత్తగారు మెల్లిగా గుమ్మం వైపు తిరిగింది. "ఒరే! సగం బుట్ట కోతులు లాక్కుపోనాయన్నావు. ఆ కోతులు పిటాన్ దాకా రైలెక్కినాయేటి?"

ఆయన తాడు కింద పడేసి లేచాడు.

"నాను గడప తొక్కలేదమ్మా. సెరుకు తోటకి గడప లేదు కదా!"

"బొంజ్యే!" అని అమ్మ క్రియోల్లో దేవుణ్ని పిలిచి, నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. కొడుకుతో ఎనిమిది రోజులు మాట్లాడలేదు. నాతో, "నాతో సెప్పకూడదేటే?" అని ఒక్కసారి అని ఊరుకుంది. తొలి కాన్పుకు నన్ను పుట్టింటికి పంపమని అమ్మ అడిగితే, "వద్దులే వదినా, పిటాన్‌లో కోతులెక్కువ" అంది.

అయినా నా భయం నాదే. చైత్రంలో బిడ్డ పుడితే ఊరంతా వేళ్లు మడుస్తుంది. ప్రతి ఇంటికీ వెళ్లి జాంపళ్ల కథ చెప్పుకోలేను కదా.

చైత్రంలోనే పుట్టింది, బూరెలాంటి బుగ్గలతో. తెల్లవారగానే పొరుగు ఆడవాళ్లు దిగారు. బిడ్డను చూసింది ఒక్క క్షణం, ఆపైన అందరూ తలుపు దగ్గరే. నేను పక్క మీద కళ్లు మూసుకున్నాను.

"శ్రావణంలో గీత ఉందే! అయితే నెల ముందే పుట్టేసింది. నెల తక్కువ పిల్లకి ఈ బుగ్గలేటి?" అంది ఒకావిడ.

శ్రావణంలో గీతా? కళ్లు తెరిచి చూశాను. నా వరసలో, తిరిగొచ్చాక నేను బయట చేరని నెలలో, నిటారుగా నల్లటి గీత.

"మొన్న సూసినప్పుడు ఈ గీత లేదే!" అంది ఇంకొకావిడ.

"నీ కళ్లకి పొర కమ్మింది. ముందు ఆ సంగతి సూసుకో" అంది అత్తగారు.

అంతకు ముందెన్నడూ ఆవిడ ఆ తలుపు మీద దొంగ గీత గీసి ఎరగదు. వాళ్లు వెళ్లాక వచ్చి నా పక్కన కూర్చుంది. నా వైపు చూడకుండా బిడ్డ బొడ్డు గుడ్డ సర్దింది. తెల్లటి గుడ్డ మీద ఆవిడ బొటనవేలి మసి అంటుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.