సామన్నంలో నూకలు

పాడేరు నుంచి అరకు దాకా కొండల మీదున్న సెల్ టవర్ల బ్యాటరీలు చూసుకోవడం నా ఉద్యోగం. తిండంతా రోడ్డు మీదే. దారి పొడుగునా బొంగు చికెన్, బిర్యానీ, సలసల కాగే నూనెలో బజ్జీలు. నాకేమో షుగరు. ఆ షుగరుతోనే మా నాన్నకు మోకాలి కింద కాలు తీసేశారు. అది చూసినవాణ్ణి కనుక, బజ్జీల బండి కనిపిస్తే మొహం తిప్పుకునేవాణ్ణి.

ఘాట్ రోడ్డు మలుపులో, రేకుల షెడ్డు కింద వండిపెట్టే అక్క దొరికాక ప్రాణం లేచొచ్చింది. సొంత పొలంలో పండిన సామల అన్నం, పప్పు, ఏదో ఒక ఆకుకూర. "బేగి కూకో బాబూ, సల్లారిపోద్ది" అనేది. నా షుగరు సంగతీ, నాన్న కాలు సంగతీ కూడా ఆవిడకు చెప్పుకున్నాను.

వానాకాలంలో షుగరు పెరిగింది. టీ మానేశాను, పళ్లు మానేశాను. ఇంకా పెరిగింది. దొంగతిండి తింటున్నానని డాక్టరూ, మా ఆవిడా ఒకటే మాట. ఒట్టు వేసినా నమ్మలేదు. నేను అన్నిటినీ అనుమానించాను, ఆ షెడ్డును తప్ప.

ఒకరోజు పెందరాళే వెళ్లి, చేతులు కడుక్కుందామని వెనక్కి నడిచాను. అక్క గిన్నె నిండా బియ్యం నూకలు పోసి, పైన గుప్పెడు సామలు కలుపుతోంది.

"ఏటక్కా ఇది?"

"పాత సామలు అడుగంటిపోనాయి బాబూ. కొత్త పండగ సేసి అమ్మోరికెట్టేదాక కొత్తవి ముట్టకూడదు. ఆశగా వత్తావు, లేదని ఎలగ సెప్పీది?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. కక్కుర్తితో చేసుంటే నాలుగు తిట్టి వచ్చేసేవాణ్ణి. ప్రేమతో చేశానంటోంది, అందుకే కడుపు మరీ మండింది. తినకుండా లేచి వచ్చేశాను.

కొత్త పండగకు ఫోన్ చేసి రమ్మంది. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. ఆకులో కొత్త సామల అన్నం, కోడికూర వడ్డించింది. నాకు చెయ్యి రాలేదు. నూకలేమైనా ఉన్నాయేమోనని అన్నం వేలితో కెలికాను.

"ఇందులోనూ కలిపావా?"

అక్క నాలిక కరుచుకుని రెండు చెంపలూ వేసుకుంది.

"తప్పు బాబూ! అమ్మోరి కూటిలో కలుపుతామేటి? కళ్లు పోవూ!"

నిజమే, ఒక్క నూక లేదు. అన్నం కమ్మగా ఉంది, అయినా రెండు ముద్దలకే ఆకు మడిచేశాను. అమ్మోరి కూటిలో కలిపితే పోయేవి ఆవిడ కళ్లు. నా కూటిలో కలిపితే పోయేది నా కాలేగా.