బర్కా తోటలో బయటపడ్డ ప్రాచీన చెంబు

ఒక చెంబును చూసి ప్రాచీన నాగరికత అనుకున్న తెలివి నాది.

ఒమాన్‌లో, బర్కాలోని ఖర్జూర తోటలో పంపులు చూసుకునేవాణ్ణి. మట్టిలో పూడిపోయిన ఇనుప పైపులు వెతకడానికి మా అర్బాబ్, అంటే తోట యజమాని, మెటల్ డిటెక్టర్ కొన్నాడు. ఒక శుక్రవారం అది చెట్ల వెనక కుయ్యిమంది. తవ్వితే చిలుం పట్టిన ఇత్తడి చెంబు, మెడ చుట్టూ ఏవో చుక్కలు. పాతకాలపు ఓడవాళ్ల లిపి అని నేనే తేల్చేశాను. అర్బాబ్ దాన్ని అతిథుల్ని కూర్చోబెట్టే తన మజ్లిస్‌లో మెత్త మీద పెట్టి, పురావస్తువుల ఆఫీసరును పిలిపించాడు.

ఆయన చెంబును భక్తిగా ఎత్తి బ్రష్‌తో రుద్దుతుంటే చుక్కలన్నీ కలిసి తెలుగు అక్షరాలయ్యాయి. ‘చి. యాదగిరికి, మేనమామ మల్లయ్య.’

యాదగిరి నా రూమ్మేటు. పక్కనే నిలబడి ఉన్నాడు.

"నా చెంబే అన్నా. బాత్రూంలు కట్టకముందు పొద్దుగాల దాంతోనే చెట్ల ఎన్కకు పోయేటోన్ని."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు మస్తు చెప్తుంటివి. ఏడిదాకా పోతవో సూద్దామని."

"క్యా బోల్తా హై?" అన్నాడు అర్బాబ్. సర్కారు మనిషి ముందు ఆయన పరువు పోతే, వెంటనే నా ఉద్యోగమూ పోతుంది.

"రోజూ మంచినీళ్లు తాగిన చెంబట. మేనమామ గుర్తట. ఎప్పట్నించో వెతుక్కుంటున్నాడట" అని హిందీలో చెప్పాను.

అర్బాబ్ కరిగిపోయాడు. చెంబు కడిగించి, చన్నీళ్లు నింపి, స్వయంగా యాదగిరి చేతికిచ్చాడు. అర్బాబ్ ఇచ్చింది వద్దనడం మర్యాద కాదని నేను తెలుగులో గుర్తుచేశాను. యాదగిరి కళ్లు మూసుకుని మొత్తం తాగాడు. ఇంకా కావాలా అని అర్బాబ్ అడిగితే, అతని తరఫున నేనే కావాలన్నాను.