హెప్సిబా ఎంటర్ నొక్కే తీరు

బూర్గంపాడు దగ్గర ఓ ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే హెప్సిబా, ఏ కమాండ్ టైప్ చేసినా దాన్ని పైకి చదివి, వేలు చున్నీకి తుడుచుకుని గానీ ఎంటర్ నొక్కదు. మొన్న స్టోరేజీలో జాగా నిండిపోయి కొత్త ఎక్స్‌రేలు ఎక్కడం ఆగిపోయింది. బయట రోగులు గొణుగుతుంటే మేనేజర్ జయరాజ్ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"ఎక్స్‌రేలు దాచే పాత డిస్కు తీసెయ్. దాని పేరు ఎక్స్‌రే రెండు. చదువుడు బంద్ పెట్టి జల్దీ కొట్టు" అన్నాడు.

ఆమె టైప్ చేసి, తల తిప్పకుండానే, "డిలీట్... వర్చువల్ డిస్క్... ఎక్స్‌రే రెండు" అని చదివి, వేలు తుడుచుకోసాగింది.

గుమ్మంలో నిలబడ్డ నర్సు ప్రమీల, "రెండా? ఈ యేడు పేషెంట్లవన్నీ అండ్లనే ఉన్నయ్ గదక్కా" అంది.

జయరాజ్ నుదుటి చెమట తుడుచుకుని, "నేను ఎక్స్‌రే ఒకటి అనే అన్న గదా" అన్నాడు.

"అవ్ సార్, నాకే చెవుడు" అని హెప్సిబా ఆ లైను చెరిపేసింది.