పాత ఓనరు నంబరు

ఆవిడకున్న పిచ్చి ఒక్కటే. మేడ మీది వాటా అద్దెకి కావాలని వచ్చినవాళ్లని ఉద్యోగమేమిటని అడగదు, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడగదు. ఇంతకుముందున్న ఇంటి ఓనరు ఫోను నంబరు అడుగుతుంది. నంబరు చేతిలో పడగానే వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంటుంది. బయటికొచ్చాక చెప్పేది ఒకటే ముక్క. "మీకు ఇవ్వను."

ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది కాబట్టి బంధువులంతా ఆవిణ్ణి ఆపరేటరత్తయ్య అంటారు. భర్త పోయాక ఇల్లు బావురుమంటోందని, మేడ అద్దెకిచ్చే పని మేనల్లుడికి అప్పగించింది. అతను ఒక ఇళ్ల బ్రోకరు ఆఫీసులో పనిచేస్తున్నాడు. రెండు గదులు, వంటిల్లు, నాలుగు వైపులా గాలి. చిటికెలో పోతుందనుకున్నాడు పాపం. ఏడు నెలలైంది.

మొదట లెక్కల మాస్టారినీ ఆయన భార్యనీ తీసుకొచ్చాడు. ఇద్దరూ నోట్లో నాలుక లేని మనుషులు. అత్తయ్య వంటింట్లో ఇరవై నిమిషాలుండి బయటికొచ్చింది.

"మీకు ఇవ్వను."

"ఎందుకండీ?" అన్నారు మాస్టారు బిక్కమొహం వేసి.

"మీ చెప్పులు కిర్రుమంటున్నాయి."

"మార్చేస్తానండీ!"

"అలవాటైన చెప్పులు మార్చకూడదు. వెళ్లిరండి."

తర్వాత కట్టుడుపళ్లు తయారుచేసే ఆయన వచ్చాడు. ఆయన మరీ పొడుగట, మెట్లెక్కేటప్పుడు తల తగులుతుందట.

"ఇప్పుడే కదండీ ఎక్కి దిగాను, తగల్లేదు!"

"ఇవాళ తగల్లేదు. మనిషి రోజూ ఒకేలా నడుస్తాడా?"

ఆసుపత్రి నర్సుకైతే ఏకంగా నలభై నిమిషాల ఫోను. తీరా చూస్తే, ఆ అమ్మాయి నవ్వు బాగుందని ఇవ్వనంది. నవ్వు బాగుంటే ఇల్లెందుకు ఇవ్వకూడదో మేనల్లుడికి అర్థం కాలేదు. ఆ రోజు ఇంటికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అత్తయ్యా, సాక్షాత్తూ దేవుడే దిగొచ్చి అడిగినా నువ్వు ఇల్లివ్వవు!" అన్నాడోసారి ఉండబట్టలేక.

"పాత ఓనరు నంబరు తెచ్చుకోమను, చూద్దాం."

పాతికమంది అలా వచ్చి అలా పోయారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, అత్తయ్య కాదన్నవాళ్లలో ఒక్కరు కూడా వేరే ఇల్లు చూపించమని మళ్లీ ఆఫీసు గడప తొక్కలేదు. మేనల్లుడి యజమానికి ఒళ్లు మండిపోయింది.

"మీ అత్తయ్య దెబ్బకి జనం మన బోర్డు చూస్తేనే పారిపోతున్నారయ్యా! ఊరందరికీ ఇళ్లిప్పిస్తావు, సొంత మేనత్త ఇల్లు ఇప్పించలేవు. నెలాఖరులోగా ఆ మేడ ఎవరికైనా ఇప్పించు. లేదా ఒకటో తారీకు నుంచి నువ్వు రానక్కర్లేదు."

మేనల్లుడికి ముద్ద దిగడం మానేసింది. చేతిలో ఇంకో విద్య లేదు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. నెలాఖరు రోజున పదింటికి ఒకరిని, పదకొండింటికి ఇంకొకరిని రమ్మన్నాడు. ఈ రెండూ పోతే తన పని అయిపోయినట్టే.

పదింటికి బట్టలు కుట్టే ఆవిడ, మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. నంబరు తీసుకుని అత్తయ్య తలుపేసుకుంది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. మేనల్లుడు ఇక ఆగలేక, కాళ్లమీద పడైనా సరే ఒప్పిద్దామని వంటింటి దగ్గరికి వెళ్లాడు. లోపలినుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"మిషను చప్పుడే కదమ్మా నీ బాధ? కింద ముతక దుప్పటి మడిచి వేయించు, సగం తగ్గిపోతుంది. తొమ్మిదేళ్లున్నారు నీ ఇంట్లో. నీ మోకాలి ఆపరేషనప్పుడు నెల్లాళ్లు వండిపెట్టింది ఎవరు? ఆ పిల్లే కదా? ఏడవకు. ఇంకో గంటలో అక్కడుంటారు. నువ్వేం మాట్లాడకు, తలుపు మాత్రం తీసుంచు."

బయటికొచ్చి, కుట్టుపనావిడకి సూదులంటే తనకి భయమని చెప్పి పంపించేసింది. మేనల్లుడు కుర్చీలో కూలబడ్డాడు.

"అత్తయ్యా, పాతికమందికీ ఇదే చేశావా?"

"పంతొమ్మిదిమంది పాత ఇళ్లకే పోయారు. మిగతావాళ్లకి ఆ ఓనర్లే తెలిసినచోట ఇళ్లు చూసిపెట్టారు. చిన్న చిన్న మాటలకే ఇళ్లు ఖాళీ చేసేస్తార్రా పిచ్చాళ్లు."

"మరి చెప్పులు కిర్రుమంటున్నాయనడం దేనికి?"

"ఓనరు మెత్తబడ్డాడని చెబితే వీళ్లు బెట్టు చేస్తారు. నేను పొమ్మంటే గతిలేక వెళ్తారు."

మేనల్లుడికి సిగ్గేసింది, కళ్లు చెమ్మగిల్లాయి. వెంటనే ఉద్యోగం గుర్తొచ్చి ఏడుపు కూడా వచ్చింది.

"మరి నా గతేమిటి అత్తయ్యా? ఇవాళ్టితో ఆఖరు!"

"మీ యజమాని నంబరివ్వు, మాట్లాడతాను."

"వద్దు తల్లీ! నీకు దణ్ణం పెడతాను!"

పదకొండింటికి లిఫ్టు మెకానిక్కు వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో ఒక సంచీ. అడక్కముందే నంబరు రాసున్న కాగితం ఇచ్చాడు. అత్తయ్య తలుపేసుకుంది. రెండు నిమిషాల్లో తీసింది.

"ఈ నంబరు పనిచెయ్యడం లేదంటోందే?"

"చెయ్యదమ్మా. పెద్దాయన పోయారు. వాళ్ల పిల్లలు ఇల్లమ్మేశారు, కొన్నవాళ్లు పోయిన వారం పడగొట్టేశారు. పదకొండేళ్లున్నానక్కడ. పాత ఓనరు నంబరు తప్పకుండా కావాలన్నారని రాసిచ్చాను."

అత్తయ్య కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. ఈసారి ఏ వంక పెడుతుందోనని మేనల్లుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అలమర తెరిచిన చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి తాళంచెవి మెకానిక్కు చేతిలో ఉంది.

"సామానెప్పుడు తెచ్చుకుంటావు నాయనా?"

"ఈ సంచీయేనమ్మా."

"అయితే ఎక్కు మేడ. ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. రేపెప్పుడైనా నువ్వు ఇంకో ఇల్లు చూసుకుంటే, ఆ ఓనరు నాకు ఫోను చేసి నువ్వెలాంటివాడివని అడుగుతాడు. పరమ దుర్మార్గుడని చెబుతాను. నీకెవ్వడూ ఇల్లివ్వడు."

మెకానిక్కు తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, "అలాగే చెప్పండమ్మా," అని నవ్వుతూ మెట్లెక్కాడు.