అంతోనమ్మ చెప్పిన నాలుగు తరాలు

ఫిల్మ్‌నగర్‌లోని ఒక కాలనీ గ్రంథాలయంలో నెలకో శనివారం సాయంత్రం ఒక ప్రసంగం జరిగేది. ఒక్కో కుటుంబం వాళ్ళు వచ్చి తమ పూర్వీకుల గురించి, ఇక్కడికి వచ్చి ఎలా స్థిరపడ్డారో చెప్పేవారు. వంశవృక్షం గీసిన చార్టు గోడకు తగిలించేవారు. చివర్లో టీ, బిస్కెట్లు. అదంతా నడిపేది కాశీవిశ్వనాథంగారు, రిటైరైన చరిత్ర లెక్చరర్.

అంతోనమ్మ రెండేళ్ళుగా ఒక్క ప్రసంగం కూడా మానలేదు. వెనక వరసలో ఫ్యాను కింద కూర్చునేది. ఆమెకు అరవై ఏడేళ్ళు. గుడివాడ దగ్గర ఒక పల్లెలో పుట్టి, పద్దెనిమిదో ఏట మద్రాసు వెళ్ళి, సినిమాలకు బట్టలు కుట్టించే ఒక కాస్ట్యూమర్ దగ్గర కాజాలు కుట్టే పనిలో చేరింది. పరిశ్రమ హైదరాబాదుకు తరలినప్పుడు కుట్టుమిషను లారీకెక్కించి, భర్త సుందర్ రాజుతో తనూ వచ్చేసింది. అప్పటికి ఇక్కడ ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. ముప్పై ఏళ్ళు హీరోల చొక్కాలు, రాజుల అంగరఖాలు కుట్టింది. తెర మీద ఆమె పేరు ఏనాడూ పడలేదు. భర్త పోయాక కొడుకు థామస్, కోడలు జెరూష ఇంట్లోనే ఉంటోంది.

ఒకరోజు గ్రంథాలయం చూసుకునే స్ఫూర్తి దగ్గరికి వెళ్ళి, "వచ్చే నెల నేను మాట్లాడతానమ్మా, నా పేరు రాసుకో" అంది. రెండు రోజుల్లో కాశీవిశ్వనాథంగారు ఫోన్ చేశారు.

"చాలా సంతోషమండీ. సినిమా కబుర్లు చెప్పండి. ఏ హీరో నడుము కొలతెంత, ఎవరు ఎలా గొడవపెట్టేవారు... జనం బాగా వస్తారు."

"ఆ కొలతలు నన్ను నమ్మి ఇచ్చారండీ. అవి చెప్పను. మా వాళ్ళ గురించి చెబుతాను."

"కమిటీ ఒక నియమం పెట్టుకుందండీ. కనీసం ఏడు తరాల పేర్లుండాలి, వాటికి ఏదో ఒక ఆధారం ఉండాలి. మీకెన్ని తెలుసు?"

"నాతో కలిపి మూడు."

"మరి దాన్ని వంశచరిత్ర అనలేం కదండీ."

ఆ గొంతులో దురుసుతనమేమీ లేదు. ఆమెకు ఎక్కువ గుచ్చుకున్నది అదే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే జెరూష గరిటె కింద పెట్టేసింది. ఆమె స్కూల్లో టీచరు, మాట ఆచితూచి మాట్లాడే మనిషి.

"అత్తయ్యా, ఈ అపార్ట్‌మెంట్లో మనమెవరమో ఎవరూ అడగలేదు. అడగకుండా చూసుకోవడానికి నేను ఎంత జాగ్రత్త పడతానో మీకు తెలీదు. ఇప్పుడు మీరు వెళ్ళి మైకులో చెబుతారా?"

"మీ ఇంటిపేరేంటని నిన్నెంతమంది అడిగారు?"

జెరూష కూర గిన్నె మీద మూత పెట్టింది.

"అది అడగడం కాదా? వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, మనం దాక్కుంటూనే ఉన్నాం. దాక్కోవాల్సిన పని నేనేమీ చేయలేదమ్మా."

థామస్ ఇద్దరి మధ్యా తల వంచుకుని అన్నం ముగించాడు.

మూడో రోజు ఆమె గుడివాడ బస్సెక్కింది. చిన్నప్పుడు జ్ఞానస్నానం పొందిన గుడికి వెళ్ళి, పాత రిజిస్టర్లు చూపించమని అక్కడి ఫాదరుని అడిగింది. ఆయన కుర్రవాడు. గుడ్డలో చుట్టిన పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాత పేజీలన్నీ లాటిన్‌లో ఉన్నాయి. వేలితో ఒక్కో వరసా చూస్తూ తెలుగులో చెప్పాడు. అమ్మమ్మ లూర్దమ్మ జ్ఞానస్నానం, పందొమ్మిది వందల పదమూడు. దానికి రెండేళ్ళ ముందు, లూర్దమ్మ తల్లి.

"మరియమ్మ. వయసు సుమారు ఇరవై. తండ్రి, అన్యుడు."

"అంటే ఏంటి ఫాదర్?"

"క్రైస్తవుడు కాడని. అంతవరకే రాశారు."

"ఆయన పేరు?"

"లేదమ్మా."

"మరి మరియమ్మకి అంతకుముందు ఏ పేరుండేది?"

ఫాదరు పేజీ మొత్తం చూశాడు. ఆ రోజు ఆ ఒక్క పల్లెలోనే పదకొండుమంది ఆడవాళ్ళు జ్ఞానస్నానం పొందారు. వాళ్ళలో ఏడుగురు మరియమ్మలు. ఏ ఒక్కరి పాత పేరూ రాసి లేదు.

అంతోనమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. కోపం వచ్చింది. షూటింగుల్లో గుంపులో నిలబడి వెళ్ళిపోయేవాళ్ళ చొక్కాలకు కూడా ఎవరి పేరు వాళ్ళదే రాసిన చీటీ పిన్నుతో గుచ్చేది, ఒకరిది ఒకరితో కలిసిపోకూడదని. ఆ మాత్రం శ్రద్ధ ఏడుగురు మనుషుల మీద ఎవరికీ లేకపోయింది.

తిరిగి రాగానే కాశీవిశ్వనాథంగారిని కలిసింది.

"నాలుగయ్యాయండీ. అంతకుముందు వాళ్ళను ఎవరూ రాయలేదు. రాయనంత మాత్రాన లేరని కాదు. ప్రసంగం ఉండే శనివారం ఆరింటికి వస్తాను. మైకిస్తే మైకులో చెబుతాను. లేకపోతే మెట్ల మీద నిలబడి చెబుతాను."

ఆ శనివారం ఆమె వెళ్ళేసరికి హాలుకు తాళం వేసి ఉంది. స్ఫూర్తి ఎదురొచ్చింది. "కమిటోళ్ళు హాలు ఇయ్యొద్దన్నరు ఆంటీ. పేపర్లు చదివే గది ముచ్చట ఎవ్వరు ఎత్తలే. గాడ కూసొని చెప్పుండ్రి, నేను చూసుకుంట."

ఆ గదిలో పేపర్లు చదువుతున్నవాళ్ళతో కలిపి పందొమ్మిదిమంది ఉన్నారు. కాశీవిశ్వనాథంగారు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అంతోనమ్మ చేతిలో కాగితం లేదు.

"మా అమ్మ రోజమ్మ నాట్లు వేసింది. మా అమ్మమ్మ లూర్దమ్మా నాట్లే వేసింది. నాటిన పొలం వాళ్ళది కాదు. ఊరి బావిలో చేద వేసే హక్కు వాళ్ళకి లేదు. మా అమ్మమ్మ తల్లికి మరియమ్మని పేరు పెట్టారు. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆమెను ఏదో ఒక పేరుతో పిలిచే ఉంటారు. పొలం ఆ గట్టు నుంచి వాళ్ళమ్మ కేకేసే ఉంటుంది. ఆ పేరు పోయింది. కలం ఉన్నవాళ్ళకు అది రాయదగ్గ పేరనిపించలేదు. ఇక్కడ ఏడు తరాలు లెక్కపెడుతున్నారు. నాకూ ఏడున్నాయి, డెబ్భై ఉన్నాయి. తల్లీతండ్రీ లేకుండా ఎవరూ పుట్టలేదు. మీ దగ్గర కాగితం ఉంది, మా దగ్గర లేదు. తేడా అంతే."

ముందు కుర్చీలో ఒక పెద్దాయన పేపరు మడిచి, "అయితే మీరు..." అని ఆగిపోయాడు.

"అడగండి. మాలవాళ్ళం. ఇంకేమైనా తెలుసుకోవాలా?"

ఆయన తల దించుకున్నాడు. అప్పుడు తలుపు పక్కనుంచి బాలమణి ముందుకొచ్చింది. గ్రంథాలయం ఊడ్చే మనిషి, ఉండేది షేక్‌పేటలో.

"అమ్మా, మా నాయిన గీ గుట్టల బండలు కొట్టిండు. గీ బంగ్లాల కింద పునాదిరాళ్ళు ఆయన కొట్టినయే. గది గూడ చెప్పొచ్చా?"

"చెప్పాలి," అంది అంతోనమ్మ.

జెరూష ఆ సాయంత్రం రాలేదు. సంగతి అపార్ట్‌మెంటుకు పాకింది. ఎదురింటావిడ లిఫ్టులో పలకరించడం మానేసింది. పది రోజులు కోడలు అత్తగారితో ముక్తసరిగా మాట్లాడింది. పదకొండో రోజు పొద్దున టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, "మా అమ్మమ్మది తెనాలి దగ్గర, అత్తయ్యా. మాది లూథరన్ మిషన్. వాళ్ళూ మీరు చూసొచ్చిన లాంటి పుస్తకాలు ఉంచి ఉంటారా?" అంది.

"వెళ్ళి అడుగుదాం."

ఏడాది చివర ప్రసంగాలన్నీ కలిపి సంచిక వేస్తామని, కులం మాట తీసేసి రాసిస్తే ఆమెదీ చేరుస్తామని కాశీవిశ్వనాథంగారు కబురు పంపారు. ఉన్నదున్నట్టు వేయండి, లేకపోతే వదిలేయండి అంది. వదిలేశారు. ఆమె తనే రాసుకుని, జిరాక్సు తీయించి తెచ్చింది. స్ఫూర్తి దానికి నంబరు వేసి స్థానిక చరిత్ర బీరువాలో పెట్టింది.

ఇప్పుడు శనివారాలు ఆ పేపర్ల గదిలో బాలమణి చెబుతుంటే అంతోనమ్మ రాస్తోంది. మొన్నొక శనివారం కాశీవిశ్వనాథంగారు ఫైళ్ళు పట్టుకుని లోపలికొచ్చారు. కమిటీ మీటింగుకు ఆ బల్ల కావాలన్నారు.

"ఇంకా వాళ్ళ తాత దగ్గరే ఉన్నామండీ," అంది ఆమె, తల ఎత్తకుండా. "గంట పడుతుంది. కూర్చోండి."

ఆయన గడియారం చూసుకున్నారు. కాసేపు నిలబడ్డారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు.